సన్నబడ్డ సంబరం

నీలంగా ఉండాల్సిన మందు ఇటుకరంగుకు తిరిగింది.

వర్ష టెస్ట్‌ట్యూబును స్పిరిట్ దీపం మీంచి పక్కకు తీసి, కిటికీ వెలుతురుకేసి పట్టుకుని మళ్ళీ చూసింది. పచ్చ కాదు, పసుపు కాదు, నారింజ కూడా కాదు. అచ్చం ఇటుకరంగు. మూత్రంలో చక్కెర ఎంత ఎక్కువుంటే ఈ మందు రంగు అంత ముదురుతుందనీ, ఇటుకరంగు అన్నిటికన్నా పై మెట్టనీ మొదటి సంవత్సరం పిల్లలకు కూడా తెలుసు. వర్షది రెండో ఏడాది.

మేడ్చల్ దాటాక హైవే పక్కన, ద్రాక్షతోటలు కొట్టేసిన జాగాలో లేచిన ప్రైవేటు మెడికల్ కాలేజీ అది. రెండువేల మూడో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. పాథాలజీ ల్యాబులో ఆ వేళ మూత్ర పరీక్షల ప్రాక్టికల్. అక్కడి పద్ధతి ఏళ్ళ నుంచీ ఒకటే. ఇటువైపు బల్లల మీద 'నార్మల్'. అంటే బల్లకు ఇద్దరు చొప్పున నిలబడ్డ విద్యార్థుల్లో ఒకరు సీసా పట్టుకుని వెళ్ళి తెచ్చిన సొంత సరుకు. అటువైపు పెద్ద బల్ల మీద 'అబ్‌నార్మల్'. అది అటెండర్ ముత్తయ్య పొద్దున్నే గ్లూకోజు పొడి, కోడిగుడ్డు తెల్లసొన కలిపి తయారుచేసి పెట్టేది. జబ్బంతా అటు, ఆరోగ్యమంతా ఇటు. విద్యార్థికే జబ్బు ఉండొచ్చన్న ఆలోచన ఆ గదిలో ఎవరికీ రాదు. డాక్టర్లు కాబోయేవాళ్ళకు జబ్బేమిటి, విడ్డూరం కాకపోతే!

ఆ రోజు సీసా వంతు వర్షది. పక్కన నిలబడ్డ సహస్ర ఆమెకు ల్యాబులోనూ జోడీ, హాస్టల్ గదిలోనూ జోడీ.

"ఇదేంటే, ఇలా వచ్చింది?" అంది సహస్ర.

ఆ మాటకు ట్యూటర్ దీక్షిత్ సార్ ఇటు తిరిగాడు. ట్యూబు చూసి నవ్వాడు. "ఏమ్మా, ఆ బల్ల మీది సీసా ఇటు తెచ్చుకున్నావా? ఇలాగే రేపు ఒకడికి ఎక్కించాల్సిన రక్తం ఇంకొకడికి ఎక్కిస్తావు" అన్నాడు. బల్లల వెంట నవ్వు పాకింది.

వర్ష నోరు తెరిచింది. ఇది నాదే సార్ అని చెప్పాలి. సీసా ఇంకా చేతికి వెచ్చగానే తగులుతోంది.

"అవును సార్. కన్ఫ్యూజ్ అయిన" అంది.

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అప్పటిదాకా ఆమెకే తెలియదు. సహస్ర వేరే సీసా తీసుకుని బయటికి వెళ్ళొచ్చింది. ఈసారి మందు ఎంత కాచినా నీలంగానే ఉంది. దీక్షిత్ సార్ తృప్తిగా తలాడించి పక్క బల్లకు వెళ్ళాడు. వర్ష మాత్రం స్టూలు లాక్కుని కూర్చుంది.

వర్షది శామీర్‌పేట. నాయిన శంకరయ్య బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. అమ్మ బాలనర్సమ్మ ఇల్లూ రెండు బర్రెలూ చూసుకుంటుంది. మెడిసిన్‌లో చేరిన నాడు వర్ష బక్కపిల్లా కాదు, లావుపిల్లా కాదు. తిన్నది అరిగే పిల్ల, అంతే. కాలేజీకి వచ్చాక ఆ అరగడం ఆగిపోయింది. పొద్దున మెస్సులో ఉప్మా, మధ్యాహ్నం అన్నం మీద అన్నం, ఆలుగడ్డ వేపుడు, సాయంత్రం క్యాంటీన్లో సమోసాలు, చదువుతూ బిస్కెట్లు, నిద్ర ఆపుకోవడానికి కూల్‌డ్రింకు. ఒంట్లో కొవ్వు ఎలా పేరుకుంటుందో బొమ్మలతో సహా బట్టీ పడుతూ, ఆ బట్టీకి ఓపిక కావాలని ఇంకో సమోసా తెప్పించుకునేవాళ్ళు ఈ భూమ్మీద వైద్య విద్యార్థులొక్కరే. నడక అంటే హాస్టల్ నుంచి క్లాసుకి. ఆట అంటే క్యారమ్స్. నిద్ర అంటే పరీక్షలయ్యాక చూసుకునేది.

ఏడాది తిరిగేసరికి తెచ్చుకున్న చుడీదార్లన్నీ పెట్టె అడుక్కి పోయాయి. మెడ వెనక నల్లటి చార ఒకటి మందంగా పేరుకుంది. నెలసరి లెక్క తప్పింది. ఇవన్నీ ఒకదానికొకటి చుట్టాలని పుస్తకంలో చదివింది కానీ, పుస్తకంలోది పేషెంట్లకు కదా! ఆ ఏడు కాలేజీ డే నాడు క్లాస్‌మేట్ భానుతేజ గజేంద్రమోక్షం హాస్యనాటిక వేయిస్తూ, "ఏనుగుకి మన దగ్గర మనిషి రెడీగా ఉంది" అన్నాడు. వర్ష అందరితో పాటు నవ్వి, బూడిదరంగు దుప్పటి కప్పుకుని ఏనుగు వేషం వేసింది. హాలంతా ఈలలు. ఆ తర్వాత బాత్రూమ్ తలుపేసుకుని ఏడ్చిన ఏడుపు ఎవరికీ వినబడలేదు.

అటువంటి పిల్ల ఈ మధ్య సన్నబడటం మొదలుపెట్టింది. ఏమీ చెయ్యలేదు. ఊరికే తగ్గిపోతోంది. అడుక్కి పోయిన చుడీదార్లు ఒక్కొక్కటే పైకొచ్చాయి. దారిలో ఎదురైనవాళ్ళు ఆగి మరీ చూశారు. "ఏం డైటింగ్ చేస్తున్నావ్, మాకూ చెప్పు" అన్నారు. ఏ నోటితో ఏనుగన్నాడో ఆ నోటితోనే భానుతేజ, "వర్షా, ఈసారి కోలాటంలో నువ్వు ముందు వరుస" అన్నాడు. ఉగాది దాటాక కాలేజీ డే. ముందు వరుసలో, నడిమధ్యన, పచ్చ పరికిణీ. జీవితంలో ఎవరూ ఆమెను ముందుకు రమ్మని పిలవలేదు. ఆ మాట చెవిన పడ్డ రోజు వర్షకు ఆనందంతో అన్నం సయించలేదు.

అన్నం సయించలేదు గానీ నీళ్ళు చాలడం లేదు. ఎన్ని తాగినా నాలుక పిడచ కట్టుకుపోతోంది. తాగిన నీళ్ళన్నీ పోవడానికి నిద్రలో లేవాల్సి వస్తోంది. క్లాసులో బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఎండలని కొన్నాళ్ళు, ప్రాక్టీసు అలసటని కొన్నాళ్ళు సర్దిచెప్పుకుంది. ఆ ఇటుకరంగు చూశాక సర్దిచెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

చక్కెర బీమారి అంటే ఏమిటో ఆమె పుస్తకంలో చదవకముందే ఇంట్లో చూసింది. అవ్వ లక్ష్మమ్మకు మొదట బొటనవేలికి చిన్న పుండు. తర్వాత వేలు తీసేశారు. తర్వాత పాదం. తర్వాత మోకాలి దాకా. ఇంటర్ చదువుతూ రోజూ ఆ కట్టు విప్పి మళ్ళీ కట్టింది వర్షే. అవ్వ చనిపోయిన ఏడాదే వర్ష ఎంసెట్ రాసింది. అందుకే ఆ పేరు తన పేరు పక్కన చేరుతుందన్న ఊహకే ఆమె భయపడింది.

మర్నాడు క్లాసులెగ్గొట్టి లైబ్రరీలో కూర్చుంది. చదువురానివాళ్ళకైతే ఇంత భయమేస్తే తిన్నగా డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. వర్షకు చదువొచ్చింది కాబట్టి పుస్తకం తీసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. లావుపాటి మెడిసిన్ పుస్తకంలో మధుమేహం గురించి పేజీలకు పేజీలు ఉంటే అవన్నీ గబగబా తిప్పేసి, చివర ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉన్న నాలుగు వాక్యాల దగ్గర ఆగింది. రీనల్ గ్లైకోసూరియా. రక్తంలో చక్కెర మామూలుగానే ఉంటుంది. మూత్రపిండాల గడప కాస్త ఎత్తు తక్కువగా ఉండి చక్కెర బయటికి దాటిపోతుంది, అంతే. జబ్బు కాదు. మందు అక్కర్లేదు. ప్రమాదం లేదు.

ఆ నాలుగు వాక్యాలూ ఆమె దేవుడి ప్రసాదంలా కళ్ళకద్దుకుంది. తనకున్నది ఇదే. వేలమందిలో ఒకరికి ఉంటుందట. ఆ ఒకరు నేనెందుకు కాకూడదు?

అక్కడే ఇంకో మాట కూడా ఉంది. ఇది అని తేల్చడానికి ముందు రక్తపరీక్ష చేసి మధుమేహం లేదని రూఢి చేసుకోవాలి. ఆ వాక్యమూ చదివింది. రక్తం తీసే గది లైబ్రరీకి సరిగ్గా కింద అంతస్తులో ఉంది. మెట్లు దిగితే చాలు. వర్ష పుస్తకం మూసి, బాటిల్లో నీళ్ళన్నీ తాగి, కోలాటం ప్రాక్టీసుకి వెళ్ళిపోయింది. కాలేజీ డే అయిపోనీ, అప్పుడు చేయించుకుందాం అనుకుంది. ఒంట్లో ఉన్నది నక్కితే దొరక్కుండా పోయే దొంగ కాదని ఆమెకు తెలుసు. తెలిసీ వెళ్ళలేదు. పరీక్ష చేయించనంత కాలం జబ్బు లేనట్టే కదా మరి!

ఆదివారం ఇంటికి వెళితే బాలనర్సమ్మ వాకిట్లోనే ఆగి బిడ్డను పైనుంచి కిందికి చూసింది.

"బక్కగైనవే! ఎంత ముద్దుగున్నవ్ బిడ్డా! ఏం జేసినవ్?"

"ఏం లేదమ్మా. జర తిండి తగ్గించిన."

"అందరి కండ్లు నీ మీదనే ఉంటయ్ ఇగ. లోపలికి రాకు, ఆగు" అంటూ ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి వచ్చి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు ఘాటు రాలేదు. "చూసినవా, ఎంత దిష్టి ఉన్నదో" అని సంబరపడింది. ఆ సంబరం చూడలేక వర్ష లోపలికి నడిచింది.

తలంటు పోస్తూ అమ్మ మెడ వెనక బీరపీచుతో రుద్దింది. "గీ మట్టి ఎంత తోమినా పోతలేదేందే?"

"మెల్లగమ్మా. అది మట్టి గాదు."

"మరేంది?"

ఒంట్లో ఇన్సులిన్ పని సరిగ్గా సాగనప్పుడు పడే నలుపది అని అమ్మకు ఏ మాటల్లో చెప్పాలి? చెపితే ఆ తర్వాత ప్రశ్న ఏం వస్తుంది?

అన్నం దగ్గర శంకరయ్య తన గ్లాసు నింపుకోబోయి కుండలోకి తొంగి చూశాడు. "ఏంది బిడ్డా, కుండెడు నీళ్ళు నువ్వే తాగినవా?"

"ఎండలు గద నాయిన. మస్తు దూప అయితాంది."

"తాగు తాగు, మంచిదే. డాక్టరమ్మవు, నీకు నేను జెప్పుడేంది" అని నవ్వాడు.

ఆ నవ్వు దగ్గర వర్ష చెప్పేద్దామనుకుంది. "అమ్మా" అంది.

"ఏందే?"

"చాయ్‌ల చక్కెర జర తక్కువెయ్."

"ఎందుకు? గంత చదువు చదువుతున్నవ్. తాకత్ ఉండొద్దా?" అని బాలనర్సమ్మ ఇంకో చెంచా ఎక్కువే వేసి కలిపింది. అవ్వకు కాలు తీసేసిన నాటి నుంచీ ఆ ఇంట్లో చక్కెర బీమారి మాటెత్తితే అమ్మ ముఖం ఎలా మారుతుందో వర్షకు తెలుసు. చాయ్ మొత్తం తాగేసి గ్లాసు కడిగి బోర్లించింది.

అనుమానం మొదట వచ్చింది సహస్రకే. సహస్ర నాన్న కృష్ణారావు భీమవరం వైపు నుంచి బ్యాంకు బదిలీ మీద వచ్చి కౌకూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఆ పిల్లకు గుండె మెత్తన, భయం ఎక్కువ. రెండో ఏడాదిలో చదివిన ప్రతి జబ్బూ తమకే ఉందనుకోవడం వైద్య విద్యార్థులకు మామూలే. సహస్రకది మరీ మితిమీరింది. క్షయ పాఠం అయిన వారం తనకు క్షయ అంది. కుష్ఠు పాఠం అయ్యాక మోచేతి మీది మచ్చకు గుండుసూది గుచ్చుకుని చూసుకుంది. అందుకని ఆ పిల్ల నోట జబ్బు మాట వస్తే చాలు, హాస్టల్ అంతా పకపకలే.

ప్రాక్టీసు నుంచి వచ్చిన ఓ మధ్యాహ్నం సహస్ర మంచం అంచున కూర్చుని మెల్లగా అడిగింది. "నేనొకటంటాను, కోప్పడకు. అన్ని నీళ్ళెందుకు తాగుతున్నావే? చంకలో సెగగడ్డ ఎన్నాళ్ళయినా మానట్లేదు. ఒళ్ళు చూస్తే కరిగిపోతోంది. ఆ రోజు ల్యాబులో సీసా... అది నిజంగా ఆ బల్ల మీదిదేనా?"

వర్ష నవ్వేసింది. "నిన్నటిదాంక నీకు కుష్ఠు. ఇగ నాకు షుగరా? బాగుందే!"

"నవ్వకు. రక్తం ఇచ్చొద్దాం పద. నేనూ ఇస్తాను తోడుగా."

"అది రీనల్ గ్లైకోసూరియా. పుస్తకంల చదివిన. గడప తక్కువుంటది, అంతే."

"అంటే సీసా నీదేనన్నమాట! మరి అది తేల్చాలంటే బ్లడ్ షుగర్ చూడాలి కదే?"

"చేయించిన" అంది వర్ష. "నార్మలే వచ్చింది."

సహస్ర ఊపిరి పీల్చుకుంది. స్నేహితురాలి మాట నమ్మకపోతే ఎవరి మాట నమ్ముతుంది! "హమ్మయ్య, ముందే చెప్పొచ్చుగా, చచ్చేంత భయపడ్డాను" అని చెయ్యి పట్టుకుంది. వర్ష ఆ చెయ్యి వదిలించుకుని నీళ్ళ బాటిల్ అందుకుంది. ఇప్పుడిక అడిగేవాళ్ళు కూడా లేరు. గెలిచినట్టే ఉంది, కానీ ఆమెకు ఒంటరిగా బావిలోకి దిగుతున్నట్టు భయమేసింది.

కాలేజీ డే రానే వచ్చింది. ఆ ముందురోజు నుంచే వర్షకు ఒళ్ళు వెచ్చగా ఉంది. సెగగడ్డ చీము పట్టి సలుపుతోంది. పొద్దున తాగిన నీళ్ళు తాగినట్టే వాంతయ్యాయి. కడుపులో మెలిపెట్టే నొప్పి. స్టేజి ఎక్కే ముందు అందరికీ ఉండేదే అంది అడిగినవాళ్ళతో. పచ్చ పరికిణీ కట్టుకుంటే నడుము దగ్గర ఇంకా వదులైంది. పిన్నీసులు పెట్టి బిగించుకుంది. అద్దంలో చూసుకుంటే దవడ ఎముకలు తేలి, కళ్ళు పెద్దవై, సినిమా పోస్టరు మీది పిల్లలా ఉంది. ఎంత బాగున్నానో అనుకుంది ఆ పిచ్చిది.

హాలు పక్కనున్న చిన్న గదిలో ఆడపిల్లలంతా కిక్కిరిసి ముస్తాబవుతున్నారు. పౌడరు, మల్లెపూలు, చెమట, హెయిర్‌పిన్నులు. ఉన్నట్టుండి ఎవరో అన్నారు.

"అబ్బ, గోళ్ళరంగు తుడిచేది ఎవరే తెరిచింది? తల తిరుగుతోంది."

"నేను కాదు."

"నాది పొద్దున్నే అయిపోయింది."

నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన. తియ్యగా, ముక్కు లోపలికి పట్టే వాసన. మూత తెరిచిన సీసా ఎక్కడుందోనని సాయిప్రియ అనే అమ్మాయి బల్లలన్నీ వెతికింది. దొరికిన ఒక్క సీసాకూ మూత గట్టిగానే ఉంది. కిటికీ తెరిచారు. వాసన పోలేదు. భానుతేజ తలుపు కొట్టి, "కోలాటం వాళ్ళు రెడీనా? ఈ పాట అయితే మీదే" అని అరిచాడు.

సహస్ర వర్ష జడకు పూలు తురుముతోంది. ఆమె ముఖం వర్ష ముఖానికి దగ్గరగా వచ్చింది. చేతులు అక్కడే ఆగిపోయాయి.

"వర్షా, ఓసారి ఊపిరి వదులు."

"ఎందుకే? జల్దీ పెట్టు."

"వదులు!"

వదలమని చెప్పాల్సిన పనే లేదు. మెట్లెక్కి వచ్చినదానిలా వర్ష పెద్దపెద్దగా, లోతుగా ఊపిరి తీస్తోంది. కూర్చున్న మనిషి అలా ఎందుకు రొప్పుతుంది? ఆ వాసన సీసాలోంచి కాదు, ఆమె నోట్లోంచి వస్తోంది. ఒంట్లో చక్కెర వాడుకోలేక కొవ్వునే కాల్చుకుంటున్నప్పుడు వచ్చే వాసన. ఇద్దరూ ఆ పాఠం పక్కపక్కన కూర్చుని విన్నారు. సహస్ర ముఖంలో రక్తం లేదు.

"నార్మల్ అన్నావు. రిపోర్ట్ ఏదీ?"

వర్ష కోలల కోసం చెయ్యి చాపింది.

"రిపోర్ట్ ఏదే!"

"చేయించలే" అంది వర్ష. "ఒక్క పాట సహస్రా. గంతే. పాట కాంగనే నీతోని వస్త. నా మీద ఒట్టు. ముందు వరుసల ఒక్కసారి నిలబడనియ్యి."

హాల్లో చప్పట్లు మోగాయి. పాట పిలుపొచ్చింది. వర్ష కోలలు రెండూ చేతిలోకి తీసుకుని లేచింది. సహస్ర తలుపుకి అడ్డం నిలబడింది. నాలుగున్నర అడుగుల పిల్ల, కుష్ఠుకీ క్షయకీ భయపడి నవ్వులపాలైన పిల్ల, ఈసారి మాత్రం కదల్లేదు.

"నువ్వు పోతే నేను స్టేజెక్కి మైకులో చెప్తాను. ఒట్టు."

"నీకు కుళ్ళు!" అని అరిచింది వర్ష. "నేను లావుగుంటెనే మీకు మంచిగుంటది. ఏనుగు లెక్క వెనకాల నిలబడాలె నేను!"

ఆ మాటకు సహస్ర కళ్ళ నీళ్ళు బొటబొటా కారాయి. అయినా తలుపు వదల్లేదు. వర్ష ఆమెను తోసుకుని వెళ్ళబోయింది. రెండడుగులు వేసింది. మూడోది వెయ్యలేకపోయింది. కోలలు చేతిలోంచి జారి సిమెంటు నేల మీద దొర్లాయి. సహస్రే పట్టుకోకపోతే తల గడపకు తగిలేదే.

మెడిసిన్ ప్రొఫెసర్ బాలాత్రిపురసుందరి మేడమ్ హాల్లో ముందు కుర్చీలోనే ఉంది. సాయిప్రియ వెళ్ళి చెవిలో చెప్పీ చెప్పకముందే లేచి వచ్చింది. వంగి ఒకే ఒక్క ఊపిరి వాసన చూసింది. "స్ట్రెచర్" అంది. ఆ తర్వాత వర్షకు తెలిసినవి ముక్కలు ముక్కలుగానే. ఆసుపత్రి వరండా మీద పరుగెత్తే చక్రాల చప్పుడు, రెండు చేతులకీ సూదులు, ఎవరో "ఇంత షుగరా!" అనడం, తన పచ్చ పరికిణీని కత్తెరతో కోస్తున్న చప్పుడు. పక్క బిల్డింగులోంచి కోలాటం పాట వినిపిస్తూనే ఉంది. ఆమె లేకుండానే ఆట ఆడారు. ఆమె చచ్చిపోతుందేమోనని కూడా ఆ ముందు వరుసలో ఎవరికీ తెలియదు.

చచ్చిపోలేదు. అంచు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

ఐసీయూలోంచి వార్డుకి మార్చాక మేడమ్ రౌండ్సుకి వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. తిట్టడానికే కూర్చుంది. తిట్టింది కూడా. "పేషెంటు తెలియక చేస్తే జాలిపడతాం. నువ్వు తెలిసి చేశావు" అంది. వర్ష ఏడ్చాక గొంతు తగ్గించింది. "సన్నబడ్డానని సంబరపడ్డావు. నువ్వు పోగొట్టుకున్నది కొవ్వొక్కటే కాదమ్మా, కండ కూడా. తిండి ఒంటపట్టక నీ ఒళ్ళు నిన్నే తినేసింది. ఇప్పటికి ఇన్సులిన్ తప్పదు. ముందుముందు మాత్రలతో సరిపోతుందేమో, ఇప్పుడే చెప్పలేను. ఇంకో మాట దాచను. ఇన్సులిన్ మొదలుపెడితే తగ్గిన బరువు మళ్ళీ కొంత వస్తుంది. నడక, తిండి నిదానంగా దారిలో పెట్టుకుందాం. కానీ వస్తుంది."

ఆ వారమే మేడమ్ బ్యాచ్ మొత్తాన్నీ రక్తపరీక్షకు వరుసలో నిలబెట్టింది. భానుతేజ చూడటానికి వచ్చి, పళ్ళ సంచి కింద పెట్టాడు. చీపురుపుల్లలా ఉండే మనిషి. "నాకూ షుగర్ బోర్డర్లో ఉందంట" అన్నాడు. వేరే ఆడపిల్లలు వచ్చినప్పుడు మాత్రం, పైకి అనకూడదని తెలిసీ ఒకమ్మాయి అనేసింది. "ఏదేమైనా భలే సన్నబడ్డావే!" వర్ష ఆ మాట మర్చిపోదామనుకుంది. మర్చిపోలేకపోయింది. చెంప ఎముకలు చేత్తో తడుముకుంటూ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇంటికి పంపే ముందురోజు పొద్దున నర్సు అమ్మాజీ సిరంజిలో మందు ఎక్కించి వర్ష చేతికిచ్చింది. "ఇక మీదట నువ్వే పొడుచుకోవాలి. ఊ, కానివ్వు" అంది. అంతలో పక్క మంచం ముసలామె సెలైన్ సూది ఊడిపోతే అటు పరుగెత్తింది.

సిరంజి వర్ష చేతిలో ఉంది. మంచం కాళ్ళ దగ్గర అమ్మ కునుకు తీస్తోంది. చూసేవాళ్ళు లేరు. దిండు పక్కనే ఉంది. మందంతా అందులోకి నొక్కేస్తే ఎవరికీ తెలియదు. ఒక్క పూట మానేస్తే ఏమవుతుంది? రేపు సగం వేసుకుంటే? కొంచెం కొంచెంగా వేసుకుంటే ప్రాణానికి ప్రమాదం లేకుండా, ఒళ్ళు రాకుండా మధ్యలో ఎక్కడో ఉండొచ్చేమో! పుస్తకంలో ఎక్కడైనా ఉంటుందేమో చిన్న అక్షరాల్లో. తన బుర్ర మళ్ళీ ఏ దారిన పోతోందో ఆమెకే స్పష్టంగా కనబడింది.

బాలనర్సమ్మ మెలకువొచ్చి లేచి దగ్గరికొచ్చింది. ఇన్నాళ్ళూ మనిషి సరిగ్గా తినలేదు, నిద్రపోలేదు.

"నాకేం ఎరుక బిడ్డా" అంది. "నువ్వు బక్కగైతుంటే మురిసిన. మనిషి కరిగిపోతుంటే దిష్టి తీసి సంబరపడ్డ. చాయ్‌ల చక్కెర తక్కువెయ్యి అంటె ఇంకో చెంచా ఏసిన. అవ్వకు జూసిన దాన్ని, నా బిడ్డకు గుర్తుపట్టలే."

"నువ్వేం జేస్తవమ్మా. నేనే చెప్పలే."

బాలనర్సమ్మ సిరంజి వంక భయంగా చూసింది. కొంగుతో మూతి తుడుచుకుంది. "ఒక్కటి అడుగుత. గోలీలతోని కాదా బిడ్డా? గీ సూదులేసుకుంటె మల్ల లావైతవంటున్నరు గద. మల్ల అందరు నవ్వుతరు. నువ్వు బాధపడ్తవ్. నేను చూడలేను."

అమ్మ నోటి వెంట ఆ మాట వినేసరికి వర్షకు గుండె చెదిరింది. తను దిండు వంక చూసిన చూపూ, అమ్మ అడిగిన ప్రశ్నా ఒకటే. తన భయం అమ్మకు కూడా పట్టుకుంది. ఇంత ప్రేమగా అడిగితే కాదనడానికి ఎంత బలం కావాలి!

చొక్కా అంచు పైకెత్తింది. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుంది. వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది. కళ్ళు మూసుకోకుండా, చూస్తూనే సూది దించి, మందు మొత్తం లోపలికి పోయేదాకా నొక్కింది. బాలనర్సమ్మ నొప్పి తనకే తగిలినట్టు మూలిగింది.

వర్ష ఖాళీ సిరంజిని గిన్నెలో పెట్టి, అమ్మ చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది.

"లావైతే లావైత అమ్మా" అంది. "ఉంట గద."